గరిటె చేతులు మారింది

ఆదివారం ఉదయం పదకొండున్నరకు ప్రత్తిపాడులో సామ్రాజ్యం తన కొడుకు సురేంద్రను వంటగదిలోంచి బయటికి గెంటింది. వీధిలో కారు ఆగింది. మంగళగిరి నుంచి అనూష తల్లిదండ్రులు ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. అనూష, సురేంద్ర అంతకుముందే ఒకరినొకరు చూసుకున్నారు గానీ విడిగా మాట్లాడుకోలేదు. ఇవాళ వీళ్లు సరేనంటే తాంబూలాలు.

"గుత్తొంకాయ ఇంకా మగ్గలేదమ్మా," అన్నాడు సురేంద్ర. నడుముకు తుండు కట్టుకుని ఉన్నాడు. చేతులకు కారం అంటి ఉంది.

"నేను చూసుకుంటాలే. తుండు విప్పు. చేతులు కడుక్కుని హాల్లో పేపరు పట్టుకుని కూర్చో."

"నేర్పింది నువ్వేగా. ఇప్పుడు సిగ్గేంటి?"

"నీ కడుపు కోసం నేర్పాను. ఊళ్లో చాటడానికి కాదు. గరిటె పట్టిన మగాణ్ణి చూస్తే పిల్లనిచ్చేవాళ్లు గుమ్మంలోంచే తిరిగిపోతారు."

"సరే, గరిటె మాత్రం పెట్టమాకు. బాణలి కుదుపు."

"నాకే చెప్తున్నావా?"

అనూష తండ్రి పానకాలు హాల్లో కూర్చున్నాడు. ఆయన భార్య సంతోషకుమారి నేరుగా వంటగది గుమ్మం దాకా వచ్చింది. సామ్రాజ్యం అందిన గరిటె తీసుకుని కూర కలిపింది. రెండు కాయలు విడిపోయాయి.

భోజనాల దగ్గర సంతోషకుమారి మళ్లీ కూర వేయించుకుంది.

"మసాలాలో ఏం వేశారు వదినగారూ? మా ఇంట్లో ఈ రుచి రాదు."

"నువ్వులు," అంది సామ్రాజ్యం. తను చేస్తే అవే వేస్తుంది.

"నువ్వులు కాదండీ," అన్నాడు సురేంద్ర. "అవి మానేసి అవిసె గింజలు దోరగా వేయించి..."

సామ్రాజ్యం అతని కూర అన్నంలో చారు పోసింది.

"బాబుకి బాగానే తెలుసే. వంట వచ్చా ఏంటి?" అంది సంతోషకుమారి.

"తినడం వచ్చు వదినా. స్టవ్వు ఎటు తిప్పితే వెలుగుతుందో తెలీదు. మంచినీళ్లు కూడా చేతికివ్వాల్సిందే. మహారాజులా పెంచాను."

సంతోషకుమారి భర్త వైపు చూసింది. పానకాలు మజ్జిగ తాగాడు.

వెళ్లేముందు ఆమె అనూష కోసం కూర అడిగింది. సామ్రాజ్యం డబ్బా నిండా పెట్టిచ్చింది.

"కూర కూడా పట్టుకెళ్లారు. ఖాయంరా," అంది కారు కదిలాక.

సాయంత్రం పానకాలు ఫోన్ చేశాడు. సామ్రాజ్యం స్పీకర్ ఆన్ చేసింది. సురేంద్ర బాణలి తోముతున్నాడు.

"చెల్లెమ్మా, ఏమీ అనుకోకండి. అమ్మాయి వద్దంటోంది."

"కూర నచ్చలేదా అన్నయ్యగారూ?"

"అయ్యో, డబ్బా ఖాళీ చేసింది. ఆసుపత్రిలో దానివి నైట్ డ్యూటీలు. వంట వచ్చినవాణ్ణే చేసుకుంటానని మొదట్నుంచీ అదొక్కటే పట్టు. మీ ఎరుకలో అలాంటి కుర్రాడు ఎవరన్నా ఉంటే చెప్పండి."