సన్యాసిరావు గుండె వేగం

అప్పటికి గుండె చోట మోటారు పెట్టించుకోవడం కళ్లజోడు పెట్టుకున్నంత మామూలైపోయింది. విశాఖలో లిఫ్టు మెకానిక్ సన్యాసిరావుకీ ఒకటి పెట్టారు. దాని వేగాన్ని నడిపే పద్ధతులు మూడున్నాయనీ, వాడి చూసి నచ్చింది ఉంచుకోమనీ డాక్టరమ్మ చెప్పింది.

మొదటిది ఎప్పుడూ ఒకే వేగం. దాంతో రెండంతస్తులెక్కేసరికి సన్యాసిరావు ఆయాసంతో మెట్ల మీద కూలబడ్డాడు. రెండోది ఒంటి కదలికను బట్టి తిరిగేది. అది పెట్టాక బరువులెత్తినా అలుపు రాలేదు. మూడోది మనసులో కలిగే అలజడిని కూడా పట్టుకుంటుందట. కానీ దాంతో మోటారు పదేళ్లకే అరిగిపోతుంది. ఆ గొడవెందుకని అతను రెండోదే ఉంచేసుకుందామనుకున్నాడు.

ఆదివారం ఫోను మోగింది. నలభై ఏళ్లు తనతో కలిసి లిఫ్టులు బాగుచేసిన గవరయ్య పోయాడట. కుర్చీలో కూర్చున్న సన్యాసిరావుకి కన్నీళ్లు కారుతున్నాయి, లోపల మోటారు మాత్రం నింపాదిగా తిరుగుతోంది.

"ఏటోనే, ఈ ఏడుపు నాది కానట్టుంది" అన్నాడు భార్య అప్పలనర్సమ్మతో.

మర్నాడే ఆస్పత్రికెళ్లి మూడోది పెట్టమన్నాడు.

"పదేళ్లకి మళ్లీ ఆపరేషన్ తప్పదండీ" అంది డాక్టరమ్మ.

"చేద్దురుగానమ్మా."

పద్ధతి మార్చాక బయట బెంచీ మీద కూర్చుని గవరయ్యను తలుచుకున్నాడు. ఛాతీ దడదడలాడింది. వెక్కి వెక్కి ఏడ్చాడు. అప్పలనర్సమ్మ కంగారుగా నర్సును పిలవబోయింది.

"పిలవకే" అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "కాసేపు కొట్టుకోనీ."