మామా అల్లుళ్ల మధ్య హైమావతి

మనుషుల్లేని ఆఫీసులు ఊరూరా వచ్చేశాక కూడా, ఈ మున్సిపల్ ఆఫీసు రికార్డులన్నీ యాభై ఏళ్ల నాటి కంప్యూటర్లోనే ఉండిపోయాయి. దాన్ని అందరూ మామగారంటారు. ఏసీ గదిలో కొలువైన మాటకారి కొత్త కంప్యూటరేమో అల్లుడుగారు. ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవాలంటే మాత్రం ఇద్దరికీ పడదు. మామగారు ఏ ఫైలు పంపినా, ‘భద్రత చాలదు’ అంటూ అల్లుడుగారు గడప దాటనివ్వరు.

అందుకని గుమాస్తా హైమావతి మామగారి తెర మీదున్నది చీటీలో రాసుకుని, ఏసీ గదికెళ్లి చదివి వినిపిస్తుంది. వెంటనే అల్లుడుగారు ప్రకటిస్తారు: “మనిషి చెయ్యి పడకుండా ఫైలు చేరింది.” ఆ ఘనతకే ఆఫీసుకు రెండుసార్లు అవార్డు వచ్చింది.

సోమవారం అల్లుడుగారు పిలిచారు. “హైమావతిగారూ, ఇక్కడ మనుషులతో పనిలేదు కనుక మీ ఉద్యోగం రద్దయింది. సిబ్బంది జాబితా పాత కంప్యూటర్లో ఉంది. ఈ ఆర్డరు కాస్త అందులో ఎక్కించండి.”

ఆమె పొల్లుపోకుండా చీటీలో రాసుకుంది. వెళ్లి మామగారి ముందు కూర్చుంది. చీటీ మడిచి కీబోర్డు కింద పెట్టి, తీరిగ్గా టీ తాగి వెనక్కొచ్చింది.

“చేరిందాండీ?” అన్నారు అల్లుడుగారు.

“లేదండీ. భద్రత చాలదంటున్నారు మామగారు. రేపు చూద్దాం లెండి.”