చప్పుడు కాని ఇల్లు

పాల్వంచ ప్లాంటులో నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న షాలేమ్‌రాజు మధ్యాహ్నం లేచేసరికి, నాలుగేళ్ల కూతురు గ్రేస్ చెక్క బ్లాకులతో ఇల్లు కడుతోంది. ప్రతి బ్లాకు కిందా ఓ గుడ్డపేలిక పరుస్తోంది.

“గుడ్డలెందుకు బిడ్డా?”

“చప్పుడు గాకుండ.”

“మరి ఇంటికి తలుపేది?”

“తలుపు దబ్బుమంటది డాడీ. నువ్వు లేస్తవ్.”

నిన్న బ్లాకులు కూలిన చప్పుడుకు నిద్ర చెడి, పిల్ల వీపు మీద తను వేసిన దెబ్బ ఇప్పుడు అతని అరచేతిలో చురుక్కుమంది.

కూతురి పక్కనే నేలమీద చతికిలబడ్డాడు. “ఇయ్యాల మనిద్దరం ఎంత చప్పుడు చేస్తమో చూడు!” అని నవ్వుతూ ఇంటిని ఒక్క తోపు తోశాడు.

బ్లాకులు దడదడా పడ్డాయి.

గ్రేస్ చటుక్కున గోడకు వీపు ఆనించుకుంది.

“నేను గాదు డాడీ... నేను గాదు.”