వాసన ఆగింది

"కాకా, ఆ కిటికీ మూసెయ్యి. నా బర్నర్ మంట ఆరిపోతున్నది."

గ్లోరియా తలెత్తకుండానే అంది.

సదయ్య కిటికీ రెక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సెలవు పెట్టిన అటెండరుకు బదులుగా గోదావరిఖనిలోని ఆ జూనియర్ కాలేజీకి ఆ పొద్దునే వచ్చాడాయన. యాభై అయిదు దాటి ఉంటాయి. నాలుగడుగులు గట్టిగా వేస్తే ఆయాసం.

"గాలి ఆడాలె బిడ్డా. లోపల గ్యాస్ వాసనొస్తున్నది."

"కెమిస్ట్రీ ల్యాబుల గ్యాస్ వాసన రాక మల్లెపూల వాసనొస్తదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

ఎగ్జామినర్ రఘుపతి విసురుగా వచ్చాడు.

"కిటికీలు తెర్వద్దని చెప్పిన్నా లేదా? బయటినుంచి చిట్టీలొస్తే జవాబు ఎవరు చెప్పాలె?"

సదయ్య కిటికీ మూశాడు.

ఇంటర్ రెండో ఏడు ప్రాక్టికల్స్. నాలుగు కాలేజీల పిల్లలకు అదే సెంటరు. ఒక్కొక్కరి ముందూ పేరు తెలియని తెల్లటి లవణం. అదేమిటో మూడు గంటల్లో తేల్చాలి.

కాలేజీలో పెట్టిన ప్రీఫైనల్లో గ్లోరియా జింకును అల్యూమినియం అని రాసి అందరి ముందూ చివాట్లు తింది. ఈసారి తప్పు పోకూడదు.

ల్యాబు చివర చిన్న గది. హైడ్రోజన్ సల్ఫైడ్ తయారయ్యే గాజు పరికరం అందులోనే ఉంది. పిల్లలు టెస్ట్‌ట్యూబుతో వెళ్లి, తమ ద్రావణంలోకి ఆ గ్యాస్ పంపుకుని వస్తున్నారు. కుళ్లిన గుడ్ల కంపు ల్యాబంతా కమ్మేసింది.

గ్లోరియా కూడా వెళ్లొచ్చింది. ట్యూబులో మురికి తెలుపు అవక్షేపం మెల్లగా దిగుతోంది. ఇంకొక్క పరీక్ష చేస్తే చాలు, జింకేనని తేలిపోతుంది.

"హమ్మయ్య, కంపు పోయింది" అన్నాడు పక్కబల్ల దగ్గరి ఉపేందర్.

నిజమే. కళ్లు మాత్రం మండుతున్నాయి.

ఆ మాట చెవిన పడగానే మూలన కూర్చున్న సదయ్య ఒక్క ఉదుటున లేచాడు.

"అందరు బయటికి ఉరుకుండ్రి! జల్ది! ఎక్కడియక్కడ ఇడిసిపెట్టుండ్రి!"

"ఏందయ్యా నీ లొల్లి? వాసన గూడ లేదు!" రఘుపతి అరిచాడు.

"వాసన పోలే సారూ, మన ముక్కులు పనిజేస్తలెవ్వు!"

తలుపు బార్లా తెరిచాడు. స్టూలెత్తి కిటికీ అద్దాలు బద్దలుకొట్టాడు. ఆ చప్పుడుకు పిల్లలు హడలెత్తి పరుగు తీశారు. వాళ్ల వెనకే ఎగ్జామినర్.

గ్లోరియా కదల్లేదు.

"నడువు బిడ్డా!"

"రెండే నిమిషాలు కాకా! నా టెస్టు అయిపోతది!"

సదయ్య ఒకసారి ల్యాబు చివరికి చూశాడు. మళ్లీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె బల్ల అంచును గట్టిగా కరుచుకుంది.

"ఇడువు! నన్ను ముట్టకు!"

పెనుగులాటలో టెస్ట్‌ట్యూబు జారి భళ్లుమంది. కోపంతో ఆయన గుండెల మీద రెండు చేతులూ పెట్టి తోసింది. ఆయన వెనక్కి పడ్డాడు. రొప్పుతూ లేచాడు. ఈసారి రెండు రెక్కలూ పట్టి వరండాలోకి ఈడ్చుకొచ్చి పడేశాడు.

ఊపిరి బిగబట్టి మళ్లీ లోపలికి ఉరికాడు.

వచ్చేటప్పుడు ఆయన భుజం మీద ఒక పిల్ల వేలాడుతోంది. గ్యాస్ గది పక్క బల్ల దగ్గర నిలబడ్డ శోభ. మందమర్రి నుంచి వచ్చిన పిల్ల. స్పృహ లేదు.

అంబులెన్సు వచ్చింది, వెళ్లింది.

గంట తర్వాత ప్రిన్సిపాల్ గదిలో కాగితం తయారైంది. అటెండరు అద్దాలు పగలగొట్టాడు, పరీక్ష చెడగొట్టాడు, ఆడపిల్లను చెయ్యి పట్టి లాగాడు.

"ఆయనేడి?" అడిగాడు ప్రిన్సిపాల్.

"ఎటో పోయిండు సార్. భయపడి పారిపోయినట్టున్నడు."

గ్లోరియా సంతకం పెట్టింది. ఆయన్ని మళ్లీ గేటు లోపలికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కు ఆర్డరు వెళ్లింది.

సాయంత్రం సెంటినరీ కాలనీ క్వార్టర్లో ఆమె చెప్పిందంతా విని తండ్రి యోనా చేతిలోని చాయ్ కింద పెట్టేశాడు. ఆయనది బొగ్గుబాయిలో డ్యూటీ.

"ఆ గ్యాస్ గుణమే గంత బిడ్డా. ముందుగాల కంపు కొడ్తది. ఎక్కువైతే ముక్కు మొద్దువారుతది. వాసన ఆగిందంటే సావు పక్కకొచ్చి నిలవడ్డట్టే."

యోనా చెప్పులేసుకున్నాడు.

"లే. ముందు ఆ పిల్లను చూసొద్దాం."

దవాఖానలో నర్సు గొంతు తగ్గించి చెప్పింది. "ఇంకా తెలివి రాలే. రెండు నిమిషాల ముందు బయటికి తెచ్చినా గింత దూరం వచ్చేది గాదు."

రెండు నిమిషాలు.

గ్లోరియా వార్డు వైపు నడిచింది.

వార్డు తలుపు పక్క బెంచీ మీద సదయ్య కూర్చుని ఉన్నాడు. చేతుల మీద పొద్దుటి గాజుపెంకుల గీతలు, చొక్కా మీద ఎండిన నెత్తురు.

"కాకా... నన్ను ఇడిసి ఆ పిల్ల దగ్గరికే ముందు పోవాల్సుండె."

"దగ్గరున్నోళ్లను దాటి పోవద్దు బిడ్డా. బాయిల రెస్క్యూ పని ఇరవై ఏండ్లు చేసిన. గదే నేర్పిన్రు."

"నేను నీ మీద రాసిన కాగితానికి సంతకం పెట్టిన."

"తెల్సు. వాచ్‌మన్ ఫోన్ జేసి చెప్పిండు. నీకు ఆయాసం గిట్ల లేదు గదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్ల నీళ్లు ఆగలేదు.

అప్పుడే తలుపు తెరుచుకుంది.

"కాకా, లే" అంది నర్సు. "నీ బిడ్డ శోభ కండ్లు తెరిసింది. మా నాయినేడి అని అడుగుతున్నది."