రద్దుకు తగిన కారణం

రద్దు పేజీ తెరుచుకునేలోగా ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోయింది. ఇంట్లో కరెంటు లేదు. రాత్రి పన్నెండు దాటితే ఆన్‌లైన్ పత్రిక చందా మరో ఏడాదికి దానంతటదే పొడిగింపబడుతుంది. విశ్రాంత ప్రధానోపాధ్యాయులు యేసుదాసు గారు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశారు.

“ఎందుకు మానేస్తున్నారు సార్?” అన్నది ఫోనెత్తిన అమ్మాయి.

“కారణం చెప్పవలసిన అవసరం నాకు లేదు.”

“సరైన కారణం లేకుంటే ఇక్కడ ఏదీ రద్దు కాదు సార్. నేను ఉద్యోగం మానేస్తానని రాసిస్తే, దాన్ని గూడా ఇట్లనే తిప్పి పంపినారు.”

ఆ యాస విని ఆయన స్వరం మెత్తబడింది. “మీదే ఊరమ్మా?”

“కొమరోలు సార్.”

తాను గిద్దలూరులో స్థిరపడినప్పటి నుండి, దగ్గర్లోని కొమరోలు వారి అర్జీలన్నీ ఆయనే రాసిపెడుతున్నారు.

“అయితే రాసుకో తల్లీ, నేను చెబుతాను,” అని రాజీనామా లేఖను కామాలతో సహా ఇంగ్లీషులో చెప్పసాగారు. రెండవ పేరా దిద్దుతుండగా పన్నెండు దాటింది. లేఖ పూర్తయి ఫోన్ పెట్టేసరికి, చందా పొడిగించినందుకు ధన్యవాదాలంటూ సందేశం వచ్చి ఉంది.

భార్య పుష్పమ్మ దాన్ని చదివి నవ్వింది. “ఆ పిల్ల పోతాదో లేదో గానీ, మిమ్మల్ని మాత్రం పోనియ్యలేదు.”



“అయినా, లేఖ నిర్దుష్టంగా కుదిరింది,” అన్నారు యేసుదాసు గారు.