ముప్పై ఏడో నంబరు చీటీ

మంగళవారం చేపడబ్బాల సరుకు దిగిందంటే చాలు, ఆమె కబురందినట్టు కొట్లో ప్రత్యక్షమయ్యేది.

డబ్బా మీద బొమ్మ చూడదు, ధర చూడదు. తిరగేసి, ఏ దేశం సరుకో చెప్పే చీటీ చూస్తుంది. ఒకే కంపెనీ డబ్బాలు మూడు దేశాల నుంచి వస్తాయి. ఆమెకు మాత్రం ఒక్క దేశానివే కావాలి.

కొట్టాయన నోరు ఊరుకునే రకం కాదు.

"ఏ నీళ్ళలో ఈదినా చేప చేపే కదమ్మాయ్! పాస్‌పోర్టు చూస్తే గానీ కూర వండవా?"

"ఆ ఫ్యాక్టరీలో చీటీలు అంటించేది మా ఆయనే బాబాయ్. దేశం పేరు కింద ముప్పై ఏడు అని ఉందే, అది ఆయన నంబరు."

ఆ రోజు నుంచి కొట్టాయనకూ అదే పని. ముప్పై ఏడు కనబడితే పక్కన పెట్టేవాడు. నంబరు చూడకుండానే పట్టేసేవాడు కూడా. ఆ చీటీ ఎప్పుడూ ఎడమకు ఒరిగే ఉండేది.

"అల్లుడికి తిన్నగా అంటించడం చేతకాదా ఏం?"

"ఇంట్లో అద్దమూ అలాగే తగిలించాడు. ఏడేళ్ళుగా మెడ వంచే జడ వేసుకుంటున్నా."

"మరి ఇన్ని డబ్బాలూ ఎవరు తింటారు?"

"ఎవరూ తినరు. అలమారాలో పెట్టుకున్నా."

"ఇదెక్కడి చోద్యం! అల్లుడొచ్చాక ఊరందరికీ విందా?"

ఆమె సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

ఈ మంగళవారం కార్టన్ విప్పితే పైవరస చీటీలన్నీ స్కేలు పెట్టి అంటించినట్టు తిన్నగా ఉన్నాయి. దేశం అదే. నంబరు యాభై రెండు.

ఆమె నేలమీద చతికిలబడి ఒక్కో డబ్బా తిరగేసింది. నలభై ఏడు చూసింది. నలభై ఎనిమిదోది, అడుగున మూల ఇరుక్కున్నది, తీసి రెండు చేతులా పట్టుకుంది. ఎడమకు ఒరిగిన చీటీ.

"ఇక రాను బాబాయ్. ఇదే ఆఖరుది."

కొట్టాయనకు అప్పుడు వెలిగింది. ముఖం చేటంత చేసుకున్నాడు.

"అంటే అక్కడ పని మానేశాడన్నమాట! మరి చెప్పవేం పిచ్చిపిల్లా! ఎప్పుడు దిగుతున్నాడు మా వంకర అల్లుడు?"

"ఆయన్ని పెట్టిన పెట్టె విమానంలో వచ్చి ఐదు నెలలైంది బాబాయ్, ఈ డబ్బాలే ఓడలో మెల్లగా వచ్చాయి."