గంప కింది మొక్క

బీడులో నాటిన రక్షిత వనం కంచెకు కాళ్లున్నాయి. ఎక్కడ మొక్క మొలిచినా, పైన తిరిగే యంత్రపు డేగ చూసిందంటే కంచె నడిచొచ్చి ఆ చోటును వనంలో కలిపేసుకుంటుంది. అక్కడి మనుషులు వెళ్లిపోవాలి. ఊళ్లో ఇప్పటికే ఏడిళ్లు పోయాయి. అందుకే తిప్పక్క రోజూ ముగ్గు వేయకముందే ఇంటిచుట్టూ వెతికి మొలకలు పీకేస్తుంది.

ఆ ఉదయం పెరట్లో కోళ్ల గంప బోర్లించి ఉంది. దాని పక్కనే తిప్పక్క అవ్వ కూర్చుని ఉంది.

"కోళ్లన్నీ బయటే ఉండాయి. దీని కింద ఏముందవ్వా?" అడిగింది తిప్పక్క.

"నీకెందుకే? పో, ముగ్గెయ్ పో," అంది అవ్వ.

"మొక్కనా?"

"ఏపమొక్క. నాలుగాకులేసింది. గంప కిందుంటే ఎవురికి కనపడతాది? పచ్చనిదాన్ని పీకితే ఉసురు తగలదా?"

"మనిల్లు పోతాది అవ్వా."

తిప్పక్క గబుక్కున గంప ఎత్తింది. మొక్క మీద ఎండ పడింది. వెంటనే పైనుంచి చిన్న నీడొకటి దాని మీద వాలి, కదలకుండా నిలిచిపోయింది.